విశాఖపట్నంలో రోటరీ క్లబ్బులు

విశాఖపట్నంలోని రోటరీ క్లబ్బులు రోటరీ ఇంటర్నేషనల్ అనే ప్రపంచవ్యాప్త సేవా సంస్థలో సభ్యత్వం గల స్థానిక సంఘాలు. వైద్యులు, ఇంజనీర్లు, వర్తకులు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు మొదలైన వివిధ వృత్తులవారు ఇందులో స్వచ్ఛందంగా సభ్యులుగా చేరుతారు. ఇతర దేశాల క్లబ్బులతో మైత్రి నెరపడం, ఆ మైత్రి ఆధారంగా నిధులు సమకూర్చుకొని స్థానికంగా ధర్మకార్యాలు చేపట్టడం ఈ క్లబ్బుల ముఖ్య లక్షణం. రోటరీలో అంతర్జాతీయ మైత్రి కేవలం మర్యాద కొరకు ఏర్పడినది కాదు. విదేశంలో ఒక భాగస్వామి క్లబ్బు లేనిదే పెద్ద సేవా పథకాలకు సంస్థ నుండి నిధులు మంజూరు కావు. ఈ పద్ధతి వలన కలిగిన మేలు, దానికి గల పరిమితులు రెండూ ఈ క్లబ్బుల పనిలో కనిపిస్తాయి.

నగరంలో రోటరీ క్లబ్ ఆఫ్ విశాఖపట్నం, రోటరీ క్లబ్ ఆఫ్ వాల్తేరు, రోటరీ క్లబ్ ఆఫ్ వైజాగ్ కపుల్స్ మొదలైన క్లబ్బులు ఉన్నవి. ఇవి 3020వ రోటరీ జిల్లాకు చెందినవి. రోటరీ జిల్లా వేరు, ప్రభుత్వ పరిపాలనా జిల్లా వేరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, కృష్ణా అనే పూర్వపు ఆరు జిల్లాల ప్రాంతమంతా కలిపి ఒకే రోటరీ జిల్లా. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడినప్పటికీ రోటరీ జిల్లాకు ఆ విభజనతో సంబంధం లేదు. రోటరీ జిల్లా అధిపతిని గవర్నరు అంటారు. ఈ పదవీకాలం ఒక సంవత్సరం. రోటరీ సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది.

సంస్థ పుట్టుపూర్వోత్తరాలు

1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని చికాగో నగరంలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరి ముగ్గురు మిత్రులతో కలిసి మొదటి రోటరీ క్లబ్బును ప్రారంభించాడు. తొలి రోజులలో సభ్యులు ఒక్కొక్క వారం ఒక్కొక్కరి కార్యాలయంలో వంతులవారీగా సమావేశమయ్యేవారు. అందువలన ఈ సంఘానికి "రోటరీ" అనే పేరు వచ్చినది. మొదట పరస్పర పరిచయం, వ్యాపార సహకారం వీరి ఆశయాలుగా ఉండేవి. క్రమంగా సమాజ సేవ ప్రధానమైనది. స్వార్థం కంటే సేవ మిన్న అనే భావం సంస్థ ఆదర్శ వాక్యం.

1917లో అప్పటి అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ మంచి పనుల కొరకు ఒక శాశ్వత నిధి ఉండాలని ప్రతిపాదించాడు. దానికి వచ్చిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఆ నిధియే తరువాత రోటరీ ఫౌండేషన్ అయినది. 1922లో సంస్థకు రోటరీ ఇంటర్నేషనల్ అనే పేరు స్థిరపడినది.

భారతదేశంలో మొదటి రోటరీ క్లబ్బు 1919లో కలకత్తాలో ఏర్పడినది. 1962-63లో కలకత్తాకు చెందిన నితీష్ లాహరి రోటరీ ఇంటర్నేషనల్‌కు అధ్యక్షుడయ్యాడు. ఆసియా ఖండం నుండి ఆ పదవిని పొందిన మొదటి వ్యక్తి ఆయనే. తరువాత రాజేంద్ర సాబూ (1991-92), కళ్యాణ్ బెనర్జీ (2011-12), శేఖర్ మెహతా (2021-22) ఆ పదవిని నిర్వహించారు.

నగర నేపథ్యం

విశాఖపట్నానికి బయటి ప్రపంచంతో గల సంబంధాలు ఎక్కువగా సముద్రం ద్వారా, పరిశ్రమల ద్వారా ఏర్పడినవి. 1933 అక్టోబరు 7న "జలదుర్గ" అనే ఓడ రాకతో ఇక్కడి రేవు పని మొదలైనది. అదే సంవత్సరం డిసెంబరు 19న అప్పటి వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. సింధియా సంస్థ నౌకా నిర్మాణ కేంద్రానికి 1941లో బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశాడు. అక్కడ తయారైన "జలఉష" ఓడను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించాడు. విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసినది. సోవియట్ యూనియన్ సాంకేతిక సహకారంతో నిర్మాణమైన ఈ కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశాడు.

వేర్వేరు వృత్తులవారు ఒకే బల్ల వద్ద కూర్చోవాలనే రోటరీ పద్ధతికి ఇటువంటి నగరం అనుకూలమైనది. రేవు, నౌకా నిర్మాణం, చమురు శుద్ధి, ఉక్కు, రైల్వే, నౌకాదళం, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల అన్నీ ఒకే ఊరిలో ఉన్నవి. మరొక వైపు కొండవాలు మురికివాడలు, మత్స్యకారుల పల్లెలు, పాడేరు, అరకు ప్రాంతాల గిరిజన గ్రామాలు కూడా ఈ నగరానికి దగ్గరలోనే ఉన్నవి. నగరంలో సేవ చేయగలవారు, సేవ అవసరమైనవారు కొద్ది దూరంలోనే నివసిస్తున్నారు.

క్లబ్బు పనితీరు

రోటరీ క్లబ్బులో సభ్యత్వం ఆహ్వానం మీద లభిస్తుంది. ఒక్కొక్క వృత్తి నుండి కొద్దిమందిని మాత్రమే చేర్చుకోవాలనే నియమం పూర్వం కఠినంగా ఉండేది. ఏ ఒక్క వృత్తివారూ క్లబ్బును ఆక్రమించకుండా ఉండడం దీని ఉద్దేశం. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఏటా మారుతారు.

సభ్యులు పాటించవలసిన నాలుగు ప్రశ్నల పరీక్ష ఒకటి ఉన్నది. దీనిని 1932లో హెర్బర్ట్ టేలర్ అనే వ్యాపారి, నష్టాలలో ఉన్న తన సంస్థను నిలబెట్టే ప్రయత్నంలో రూపొందించాడు. తలపెట్టిన పని సత్యమా, అందరికీ న్యాయమా, సద్భావాన్ని పెంచునా, అందరికీ మేలు చేయునా అని ప్రశ్నించుకోవడం దీని సారాంశం.

చాలా కాలం రోటరీలో పురుషులకు మాత్రమే ప్రవేశం ఉండేది. 1987లో అమెరికా సుప్రీం కోర్టు తీర్పు తరువాత, 1989లో సంస్థ నియమావళిని సవరించి ప్రపంచమంతటా స్త్రీలకు సభ్యత్వం ఇచ్చారు. అంతకు ముందు నుండి రొటేరియన్ల కుటుంబాలలోని స్త్రీలు 1924లో ఇంగ్లండులోని మాంచెస్టరులో మొదలైన ఇన్నర్ వీల్ అనే వేరొక సంస్థ ద్వారా సేవ చేసేవారు. దంపతులు కలిసి సభ్యులుగా ఉండే కపుల్స్ క్లబ్బులు తరువాతి కాలపు మార్పునకు నిదర్శనం.

అంతర్జాతీయ మైత్రి

ఒక క్లబ్బు సభ్యుడు ప్రపంచంలో ఏ ఊరికి వెళ్ళినా అక్కడి రోటరీ సమావేశానికి అతిథిగా హాజరు కావచ్చును. అతిథి తన క్లబ్బు పతాకాన్ని ఇచ్చి, ఆతిథ్యమిచ్చిన క్లబ్బు పతాకాన్ని తీసుకొని వెళ్ళడం ఆచారం. ఒక దేశపు క్లబ్బు మరొక దేశపు క్లబ్బుతో "సోదర క్లబ్బు" సంబంధం కూడా ఏర్పరచుకోవచ్చును. ఇటువంటి పరిచయాలే తరువాత ఉమ్మడి పథకాలకు దారి తీస్తాయి.

మైత్రి కొరకు సంస్థ కొన్ని ప్రత్యేక కార్యక్రమాలను నడిపినది.

బృంద అధ్యయన వినిమయం: ఇది 1965లో మొదలై 2013 వరకు కొనసాగినది. రొటేరియన్ నాయకత్వంలో, రోటరీ సభ్యులు కాని యువ వృత్తి నిపుణులు నాలుగు నుండి ఆరు వారాల పాటు మరొక దేశపు రోటరీ జిల్లాలో పర్యటించేవారు. వారు హోటళ్ళలో కాక సభ్యుల ఇళ్ళలో బస చేసేవారు. తమ వృత్తికి సంబంధించిన కార్యాలయాలను, కర్మాగారాలను, ఆస్పత్రులను చూసేవారు.

యువజన వినిమయం: సాధారణంగా 15 నుండి 19 సంవత్సరాల మధ్య వయసు గల విద్యార్థులు విదేశాలలో రోటరీ ఏర్పాటు చేసిన కుటుంబాలతో ఉండి చదువుకుంటారు. ఆతిథ్యమిచ్చే కుటుంబం ఆ పిల్లవానికి లేదా బాలికకు భోజనం, వసతి ఇవ్వడమే కాక సంరక్షకుల బాధ్యత కూడా వహిస్తుంది.

మైత్రీ వినిమయం: దీనిలో సభ్యులు, వారి కుటుంబాలు తమ ఖర్చులతో మరొక దేశానికి వెళ్ళి అక్కడి సభ్యుల ఇళ్ళలో అతిథులుగా ఉంటారు. తరువాత వారికి ఇక్కడ ఆతిథ్యమిస్తారు.

ఇవి కాక పాఠశాల విద్యార్థులకు ఇంటరాక్ట్ (1962), యువతీయువకులకు రోటరాక్ట్ (1968) అనే అనుబంధ క్లబ్బులు ఏర్పడినవి.

మైత్రి నుండి నిధుల వరకు

1965లో రోటరీ ఫౌండేషన్ "మ్యాచింగ్ గ్రాంటు" పద్ధతిని ప్రవేశపెట్టినది. రెండు దేశాల క్లబ్బులు కలిసి ఒక పథకానికి చందాలు వేసుకుంటే ఫౌండేషన్ దానికి తన వంతు జోడించేది. 2013 జూలై నుండి దీని స్థానంలో జిల్లా గ్రాంట్లు, గ్లోబల్ గ్రాంట్లు అనే రెండు రకాలు వచ్చినవి. చిన్న పనులకు జిల్లా గ్రాంట్లు సరిపోతాయి. గ్లోబల్ గ్రాంటుకు పథకం మొత్తం విలువ కనీసం 30 వేల డాలర్లు ఉండాలి.

గ్లోబల్ గ్రాంటుకు ఇద్దరు భాగస్వాములు తప్పనిసరి. పని జరిగే ఊరి క్లబ్బు "ఆతిథ్య భాగస్వామి". మరొక దేశపు క్లబ్బు లేదా జిల్లా "అంతర్జాతీయ భాగస్వామి". ఉదాహరణకు విశాఖపట్నంలోని ఒక ధర్మాస్పత్రికి డయాలిసిస్ యంత్రాలు అవసరమైనచో, స్థానిక క్లబ్బు మొదట అవసరాన్ని అధ్యయనం చేయాలి. ఆస్పత్రితో ఒప్పందం రాసుకోవాలి. విదేశీ క్లబ్బును ఒప్పించి ఉమ్మడిగా దరఖాస్తు చేయాలి. రెండు రోటరీ జిల్లాలు తమ జిల్లా నిధి నుండి కేటాయించిన మొత్తానికి ఫౌండేషన్ ప్రపంచ నిధి నుండి అదనపు మొత్తం చేరుతుంది. ఈ నిష్పత్తి కాలానుగుణంగా మారినది. పని నడుస్తున్నంత కాలం ఏటా నివేదిక పంపాలి. పూర్తయిన రెండు నెలలలోగా తుది నివేదిక ఇవ్వాలి. రశీదులను కనీసం ఐదు సంవత్సరాలు భద్రపరచాలి.

పథకాలు సంస్థ నిర్ణయించిన సేవారంగాలలో ఒకదానికి చెందాలి. అవి శాంతి, రోగ నివారణ, మంచినీరు, పారిశుధ్యం, తల్లీబిడ్డల ఆరోగ్యం, విద్య, ఆర్థికాభివృద్ధి వంటివి. 2021 జూలై నుండి పర్యావరణం కూడా వీటిలో చేరినది.

భారతదేశంలో విదేశీ విరాళాల స్వీకరణ విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (2010)కు లోబడి జరగాలి. 2020 సవరణ తరువాత విదేశీ విరాళాన్ని పొందిన సంస్థ దానిని మరొక సంస్థకు బదిలీ చేయరాదు. విరాళాన్ని కొత్త ఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే జమ చేయాలి. అందువలన సహాయానికి స్నేహం ఎంత అవసరమో, లెక్కల క్రమశిక్షణ కూడా అంతే అవసరం.

పోలియో నిర్మూలన

రోటరీ అంతర్జాతీయ సేవలో అన్నిటికంటే పెద్దది పోలియో నిర్మూలన. 1979లో ఫిలిప్పీన్స్‌లో సుమారు 60 లక్షల మంది పిల్లలకు చుక్కల మందు వేసే పథకంతో ఇది మొదలైనది. 1985లో "పోలియో ప్లస్" పేరుతో ప్రపంచవ్యాప్త కార్యక్రమాన్ని ప్రకటించి 12 కోట్ల డాలర్లు సేకరించాలని సంకల్పించారు. 1988 నాటికి 24.7 కోట్ల డాలర్లు సమకూరినవి. అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, అమెరికా రోగ నియంత్రణ కేంద్రాలతో కలిసి ప్రపంచ పోలియో నిర్మూలన కార్యక్రమం మొదలైనది. ఆనాడు 125 దేశాలలో పోలియో ఉండేది. ఏటా సుమారు మూడున్నర లక్షల మంది దీని బారిన పడేవారని అంచనా.

భారతదేశంలో 1995లో పల్స్ పోలియో కార్యక్రమం దేశమంతటా మొదలైనది. ఖర్చులో అధిక భాగాన్ని భారత ప్రభుత్వమే భరించినది. ఇంటింటికి తిరిగినది ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది. వారికి తోడుగా రొటేరియన్లు శిబిరాల వద్ద నిలబడడం, ప్రచారం చేయడం, వాహనాలు, మంచుపెట్టెలు సమకూర్చడం, అపోహలు గల కుటుంబాలకు నచ్చజెప్పడం వంటి పనులు చేశారు. దేశవ్యాప్త శిబిరం నాడు ఐదేళ్ళలోపు పిల్లలు సుమారు 17 కోట్ల మందికి చుక్కలు వేయవలసి ఉండేది.

ఈ పనిలోని కష్టం మందు వేయడంలో కాక, మిగిలిపోయిన పిల్లవానిని వెదకి పట్టుకోవడంలో ఉన్నది. ఆదివారం శిబిరంలో చుక్కలు వేసిన పిల్లల ఎడమ చేతి చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టేవారు. తరువాతి రోజులలో ఇళ్ళకు వెళ్ళి, పిల్లలందరికీ వేసిన ఇంటి తలుపుపై "పి" అని, మిగిలిన ఇంటిపై "ఎక్స్" అని సుద్దతో రాసేవారు. "ఎక్స్" ఇళ్ళకు మళ్ళీ వెళ్ళేవారు. బస్సు స్టాండులలో, రైల్వే స్టేషన్లలో ప్రయాణంలో ఉన్న పిల్లల కొరకు వేరే బృందాలు ఉండేవి. రాకపోకలు అధికంగా గల విశాఖపట్నం వంటి నగరంలో వలస కూలీల పిల్లలు, చేపల వేటకు చోట్లు మారే కుటుంబాల పిల్లలు, ఏజెన్సీ కొండలపై నివసించే పిల్లలు లెక్క తప్పిపోయే అవకాశం ఎక్కువ.

2009లో భారతదేశంలో 741 పోలియో కేసులు నమోదైనవి. ఇది ఆ సంవత్సరం ప్రపంచంలోని కేసులలో దాదాపు సగం. 2010లో ఆ సంఖ్య 42కు తగ్గినది. 2011లో ఒక్క కేసు మాత్రమే నమోదైనది. ఆ సంవత్సరం జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడినదే చివరి కేసు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా ఆగ్నేయ ఆసియా ప్రాంతాన్ని పోలియో రహితంగా ధ్రువీకరించినది.

అయితే జాగ్రత్త అవసరం తీరలేదు. 2016 జూన్‌లో హైదరాబాదు మురుగునీటి నమూనాలో టీకా నుండి పుట్టిన రెండవ రకం వైరస్ కనబడగా, హైదరాబాదు, రంగారెడ్డి జిల్లాలలో పిల్లలకు ప్రత్యేకంగా ఇంజెక్షను టీకా వేశారు. సహజ పోలియో వైరస్ వ్యాప్తి ఇంకా పూర్తిగా ఆగని దేశాలు పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్. మలావి, మొజాంబిక్ దేశాలలో 2022లో దిగుమతి అయిన కేసులు బయటపడినవి. ఒక దేశంలో మిగిలిన వైరస్ మరొక దేశపు పిల్లలను చేరగలదు. అందువలన భారతదేశంలో కేసులు ఆగిన తరువాత కూడా ఇక్కడి క్లబ్బులు పోలియో నిధికి చందాలు ఇస్తున్నవి. 2013 నుండి రోటరీ సేకరించే ప్రతి డాలరుకు గేట్స్ ఫౌండేషన్, ఒక వార్షిక పరిమితి వరకు, రెండు డాలర్లు జోడిస్తున్నది.

పుచ్చుకొనే చేయి, ఇచ్చే చేయి

తొలి దశాబ్దాలలో సహాయం సాధారణంగా పాశ్చాత్య దేశాల క్లబ్బుల నుండి భారతదేశానికి వచ్చేది. క్రమంగా ఈ ప్రవాహం రెండు వైపులా మారినది. 1998లో రాజేంద్ర సాబూ చొరవతో భారతీయ వైద్యుల బృందం ఉగాండాకు వెళ్ళి శస్త్రచికిత్సలు చేసినది. తరువాత ఇటువంటి వైద్య యాత్రలు ఆఫ్రికాలోని పలు దేశాలకు జరిగినవి. రోటరీ ఫౌండేషన్‌కు అధికంగా విరాళాలిచ్చే దేశాలలో భారతదేశం కూడా ఒకటి అయినది.

ఒక చిన్న ఊరి క్లబ్బు దూరదేశపు ఆపదలో ఎట్లా తోడ్పడగలదో "షెల్టర్ బాక్స్" తెలుపుతుంది. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు హెల్‌స్టన్ క్లబ్బు 2000లో ఈ పథకాన్ని మొదలుపెట్టినది. ఒక పెట్టెలో గుడారం, దుప్పట్లు, వంటసామగ్రి వంటివి ఉంచి నిరాశ్రయులకు పంపుతారు. మొదటి విడత 143 పెట్టెలు 2001 జనవరిలో గుజరాత్ భూకంప బాధితులకు చేరినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిడికి గురైన విశాఖపట్నం వంటి తీర నగరానికి ఇటువంటి ముందస్తు సన్నాహం విలువ బాగా తెలిసినదే.

పరిమితులు, విమర్శలు

సేవా క్లబ్బులపై కొన్ని విమర్శలు ఉన్నవి. సభ్యత్వం ఆహ్వానం మీద లభించడం, చందాలు, భోజన సమావేశాల ఖర్చు కారణంగా ఇవి సంపన్నుల, ఉన్నత వృత్తులవారి సంఘాలుగా మిగిలిపోతాయని అంటారు. అధ్యక్షుడు ఏటా మారడం వలన ఒకరు మొదలుపెట్టిన పని మరొకరి హయాంలో వెనుకబడవచ్చును.

అన్నిటికంటే ముఖ్యమైనది నిర్వహణ సమస్య. గ్లోబల్ గ్రాంటు యంత్రాన్ని కొని ఇవ్వగలదు, కాని సంస్థల నిత్య నిర్వహణ ఖర్చులను భరించదు. డయాలిసిస్ యంత్రానికి శుద్ధమైన నీరు, నిరంతర విద్యుత్తు, శిక్షణ పొందిన సిబ్బంది, విడిభాగాలు కావాలి. పాఠశాలలోని మంచినీటి యంత్రానికి వడపోత గొట్టాలు మార్చాలి. ఈ బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించని చోట, దాతల పేర్లు గల ఫలకం మిగిలి, యంత్రం మూలపడే ప్రమాదం ఉన్నది. అవసరాల అధ్యయనం, ఒప్పందం, నివేదికలు అనే నియమాలు ఈ అనుభవం నుండి వచ్చినవే. విదేశీ మిత్రుడు నిధిని తేగలడు గాని, దానిని పదేళ్ళు నిలబెట్టవలసినది స్థానిక క్లబ్బు, ఆ సేవను పొందే సమాజం.

ఇతర సేవా క్లబ్బులు

విశాఖపట్నంలో రోటరీతో పాటు లయన్స్ క్లబ్బులు కూడా పనిచేస్తున్నవి. లయన్స్ సంస్థను 1917లో చికాగోలో మెల్విన్ జోన్స్ మొదలుపెట్టాడు. 1925లో హెలెన్ కెల్లర్ చేసిన విజ్ఞప్తి తరువాత అంధత్వ నివారణ ఆ సంస్థకు ముఖ్య ఆశయమైనది. భారతదేశంలో మొదటి లయన్స్ క్లబ్బు 1956లో బొంబాయిలో ఏర్పడినది. విశాఖపట్నంలో లయన్స్ పేరున ఒక కాన్సరు ఆస్పత్రి కూడా ఉన్నది. పేర్లు, నియమాలు వేరైనప్పటికీ స్థానిక అవసరాన్ని ఇతర దేశాలలోని మిత్రుల సహాయంతో తీర్చడం ఈ రెండు సంస్థలకూ సమానమైన మార్గం.